కొంగులో చుట్టిన బొమ్మ

నిజాం రోజుల్లో పట్నం నుంచి గద్వాలకు వచ్చే రైల్లో నా ఎదురుగా ఒక నిండు చూలాలు కూర్చుంది. కొంగులో చుట్టిన ఎక్స్‌రే రేకు తీసి కిటికీ వెలుతురుకు పట్టింది. నల్లటి రేకులో తెల్లగా పక్కటెముకలు.

"మా ఇంటాయన అక్కా. దవాఖానల ఆపరేషన్‌కు ముందు తీసిండ్రు. కోసినంక బతకలే."

"గిది పెట్టుకొని ఏం జేస్తవ్ చెల్లె?"

"ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతదని మా అత్త ఎన్నడూ దిగనియ్యలే. కడుపుల బిడ్డకు నాయనను చూపియ్యాలె గదా. మొకం ఏడున్నదో జర చూడక్కా."

బొమ్మ మెడ దగ్గరే ఆగిపోయింది. ఆ మాట చెప్పడానికి నోరు రాక, పైనున్న నల్లటి అంచు మీద వేలు పెట్టాను. గద్వాల వచ్చేదాకా ఆమె అక్కడే నిమురుతూ కూర్చుంది.

ఆ బిడ్డకిప్పుడు పిల్లలు కూడా పుట్టి ఉంటారు. నేను చూపిన ఆ నలుపునే నాయన మొకమనుకొని పెరిగి ఉంటుంది.