ఎందుకు పోయిందో చెప్పని పాటలు

నరసరావుపేటలో మా వీధి చివర కాలిన మోటార్లకు వైండింగ్ చేసే మేస్త్రీకి అర్జెంటీనా టాంగో పాటలంటే ప్రాణం. ఫోను తెరమీద వచ్చే తెలుగు అర్థాన్ని చదువుకుంటూ రాగితీగ చుట్టేవారు. పాట ముగియగానే చేయి ఆపి, నా వైపు తిరిగి, "ఇందులో కూడా వాణ్ణొదిలి ఎల్లిపోయింది మాస్టారూ!" అని, నష్టం తన ఇంట్లోనే జరిగినంత బరువుగా నిట్టూర్చేవారు.

టీ తెచ్చిన ఆయన భార్య ఒకసారి ఆ నిట్టూర్పు విని, "ఏందయ్యా, అందరూ పోయిందని ఏడ్చేవాళ్లే. ఎందుకు పోయిందో ఒక్కడన్నా చెప్తాడా?" అంది.

"అయ్యన్నీ పాటలో చెప్పరే," అని మేస్త్రీ ఆమెకు సంగీతశాస్త్రం బోధించారు.

మిరపతోటలకు నీళ్లు పెట్టే అదునులో దుకాణం నిండా మోటార్లు చేరాయి. ఆ వంకతో ఆయన మాచర్లలో భార్య చెల్లెలి కూతురి పెళ్లికి తాను వెళ్లలేదు, ఆమెనూ పంపలేదు. పెళ్లి అయిపోయిన మర్నాడు, బుధవారం, ఆమె ఒంటరిగా మాచర్ల బస్సెక్కింది.

ఆ సాయంత్రం దుకాణంలో పాట వినిపించలేదు. ఇన్నాళ్లకు తగిన సందర్భం వచ్చింది గదా అని, "ఇవాళ టాంగో లేదేం?" అని అడిగాను.

"అయ్యి నాకు పనికిరావు మాస్టారూ. ఎందుకు పోయిందో నాకు తెలుసు గదా," అన్నారు. సగం చుట్టిన మోటారును అలాగే వదిలి, షట్టరు దించి, బస్టాండు వైపు నడిచారు.