ఎగువ వీధి శ్రుతి

మా ఎగువ వీధి రథంలో వేణువు ఊదే మనిషంటే ఇన్నేళ్లూ కజుయోనే. పండగ లేని రోజుల్లో బడి వంటశాలలో మిసో సూప్ కాచేది. ఆమె వేణువు వాళ్ల నాన్న వెదురు కోసి చేసిచ్చినది. దాని స్వరాలు పియానో మెట్లకు కుదరవు. దిగువ వీధి వేణువుది ఇంకో శ్రుతి. శరదృతువు పండగలో రెండు వీధుల రథాలూ కూడలిలో ఎదురెదురుగా నిలబడతాయి. రెండు మేళాలూ ఒకేసారి మోగుతాయి. ఎదుటివాళ్ల పాటలోకి జారిపోయినవాళ్లు ఓడినట్టు. వాళ్ల రథం వెనక్కి తగ్గి దారివ్వాలి. కజుయో ఉండగా మా రథం ఎప్పుడూ తగ్గలేదు.

వీధిలో పిల్లలే తగ్గిపోయారు. మేళానికి మనుషులు లేకపోతే ఈసారి రథం షెడ్డు దాటదని వీధి పెద్ద నెగిషి చెప్పేశాడు. అప్పుడు వచ్చాడు రెంతారో. చిన్నప్పుడు కజుయో దగ్గరే ఊదడం నేర్చుకుని, ఇప్పుడు టోక్యో క్లబ్బుల్లో కంప్యూటర్ బీట్ల మీద పాటలు కడుతున్నాడు.

"అత్తా, నువ్వు ఊదు, కింద నేను బీటు వేస్తా. పిల్లలు వాళ్లే పరిగెత్తుకొస్తారు."

"రాకపోతే?"

"ఈ జుట్టు గొరిగించేసుకుంటా."

"ఆ ఎర్ర జుట్టు పోతే మీ అమ్మ నా కాళ్లకు దండం పెడుతుందిరా," అని ఒప్పుకుంది.

రికార్డు చేసిన పాట నెట్‌లో బయటికొచ్చాక వంటశాలలో ఎవరో ఫోన్‌లో వినిపించారు. ఊపిరి ఆమెదే. స్వరాలు ఆమెవి కావు.

"శ్రుతి మార్చావు," అంది రెంతారోతో.

"కీబోర్డుతో కలవలేదత్తా. కాస్త సర్దానంతే. ఎవరికీ తెలీదు."

"నాకు తెలిసిందిగా."

అతను చెప్పినట్టే పిల్లలు వచ్చారు. మా అమ్మాయి మినోరి కూడా చేరింది. బడిలో నోరు విప్పని పిల్ల. నేను ల్యాబ్‌లో పనిలో ఉన్నా నా బెంగంతా దాని మీదే. పిల్లలందరి చేతుల్లో ఆ పాటకు సరిపోయే ప్లాస్టిక్ వేణువులు. కజుయో తనది ఊదగానే దగ్గరదగ్గర స్వరాలు ఒరుసుకుని సాధన గదంతా అదిరింది.

"బామ్మా, మీది తప్పు పలుకుతోంది," అంది మినోరి.

బయటివాళ్లతో అది తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అదే. నాకు సంతోషమే వేసింది.

వారం తిరక్కుండానే నెగిషి ఆమె ఇంటికి వెళ్లాడు. "కజుయో గారూ, పిల్లలు తికమక పడుతున్నారండీ. ఈ ఏడు మీరు జేగంట పట్టుకుంటే..."

"గంటకు శ్రుతితో పనిలేదు, అంతేగా?"

అతను టీ కప్పు కింద పెట్టి తలూపాడు. రథం బయటికి రావాలని ఆ పాటకు ఒప్పుకున్నది ఆమే. సరేనంది.

పండగ నాడు కూడలిలో రథాలు ఎదురెదురుగా ఆగాయి. దిగువ వీధి పిల్లలూ ఆ పాట విని నేర్చుకున్నవాళ్లే, వాళ్లవీ ఆ ప్లాస్టిక్ వేణువులే. కాసేపటికి రెండు మేళాలూ ఒక్కటైపోయాయి. ఎవరు ఎవరిలోకి జారారో తెలియలేదు. జనం ఫోన్లు ఎత్తి చప్పట్లు కొట్టారు. రెండు రథాలూ కాస్త కాస్త వెనక్కి తగ్గాయి.

నీళ్ల సీసాతో రథం పక్కనే ఉన్నాను. నెగిషి తెర తొలగించి లోపలికి తొంగిచూశాడు.

"ఎంత బాగుంది కజుయో గారూ. ఈసారి గొడవే లేదు."

"ఎవరు ఓడారు?"

"ఎవరూ ఓడలేదండి."

"మన రథం వెనక్కి తగ్గింది."

"వాళ్లదీ తగ్గిందిగా," అని నవ్వి వెళ్లిపోయాడు.

కజుయో తరవాతి పాటకు గంట మోగించింది. మినోరి వేణువు దించి ఆమె వైపు తిరిగింది.

"బామ్మా, మెల్లగా కొట్టండి. మా పాట వినిపించట్లేదు."

కజుయో తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి గంట కర్రకు చుట్టింది.