పీకేయమని చెప్పే గొంతు

మా ఆయన పోయిన మూడో నెలలో మళ్ళీ పనికి వెళ్ళాను. ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటికి రెండు సందుల అవతలున్న డబ్బింగ్ స్టూడియోలో పని. పరభాషా సీరియళ్ళకు పెదవుల కదలికకు సరిపడే తెలుగు మాటలు రాయడమే ఇన్నేళ్ళూ చేశాను. ఈసారి పెదవులు లేవు. రైతు ఫోన్‌లో ఆకు ఫోటో పంపితే కృత్రిమ మేధ తెగులు గుర్తుపట్టి, ఆడగొంతుతో సలహా చెబుతుంది. సలహా వ్యవసాయం తెలిసినవాళ్ళది. వాక్యాలు నావి. అలసిపోయి ఉన్నప్పుడు అలాంటి పనే నయమనుకున్నాను.

పరీక్షకు ఒప్పుకున్న రైతుల కాల్స్ మాకు వినిపించేవారు. వికారాబాద్ వైపు ఒకామె టమాటా వేసింది. ఆకులు ముడుచుకుంటున్నాయి.

"ఇది వైరస్ తెగులండీ. దీనికి మందు లేదు. తెగులు సోకిన మొక్కలన్నీ పీకేయండి," అంది గొంతు.

"అన్నీనా?"

"అవునండీ, అన్నీ. మా సేవ వాడుకున్నందుకు ధన్యవాదాలు. మళ్ళీ కలుద్దాం! మరిన్ని వివరాల కోసం..."

"మళ్ల కలిసి ఇంకేం పీకిపిస్తవే?" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఈ సేవ నడిపే కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె చేలో సగం ఇంకా బాగానే ఉంది. జబ్బు మొక్కలు తీసేయకపోతే తెల్లదోమ ఆ సగానికీ అంటిస్తుంది. ఆ మాట ధన్యవాదాల తర్వాత వచ్చే వివరాల్లో ఉంది. ఆమె అక్కడిదాకా ఆగలేదు.

మా ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్ళెవరూ లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనలేదు. చావు జరిగిన ఇంట్లో అనరు. కాసేపు కూర్చుని, చెప్పకుండా వెళ్ళిపోతారు. ఆ రోజుల్లో విన్న ఓదార్పు మాటలు ఒక్కటీ గుర్తులేవు. అలా వెళ్ళడం గుర్తుంది. ఈ సంగతి స్టూడియోలో చెప్పలేదు.

"పీకేయమన్న చోట ధన్యవాదాలు తీసేద్దాం. మళ్ళీ కలుద్దాం కూడా వద్దు. మిగతా చేను దక్కుతుందన్న మాట ముందు చెప్పి, కాసేపు ఊరుకోవాలి," అన్నాను.

"ఊరుకుంటే కాల్ కట్ అయిందనుకుంటారండీ," అంది కంపెనీ అమ్మాయి.

"అనుకుంటే హలో అంటారు. అప్పుడు 'చెప్పండి' అందాం."

గొంతిచ్చే ఆమె బోరబండ నుంచి వస్తుంది. కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "గిదేందక్కా, నేను సప్పుడు చెయ్యకుండుడు గూడ నీ డైలాగేనా?"

వారం తర్వాత టమాటా ఆమె మళ్ళీ ఫోటో పంపింది. ఇంకా పీకలేదు. ఆ కాల్ హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. జబ్బు మొక్కలు ఇవాళే తీసేస్తే మిగతా చేను దక్కే అవకాశం ఉందని చెప్పి గొంతు ఆగింది. ఆమె వైపు నుంచి దూరంగా మోటారు చప్పుడు. పెట్టేస్తుందేమో అనుకున్నాను.

"హలో?"

"చెప్పండి."

"పీకినకాడ ఏం ఎయ్యాలె?"

"మొక్కజొన్న వేసుకోవచ్చండీ."

"మక్కలా? అడివిపందులు ఉంచుతయా?"

"క్షమించండి, మీ ప్రశ్న అర్థం కాలేదు."

"పందులు తెల్వదా? ఏ ఊరే నీది?"

ఈసారి కోపంగా లేదు. పందులు ఏ వైపు నుంచి దిగుతాయో, కంచెకు కట్టిన పాత చీరలకు ఎందుకు బెదరవో వివరంగా చెప్పింది. అవతల వినేది మనిషి కాదని ఆమెకు తెలిసే ఉంటుంది.

"పందుల మీద కూడా నాలుగు లైన్లు కావాలి మేడమ్," అని కంపెనీ అమ్మాయి నా చెవి దగ్గరకు వంగి చెప్పింది. ఆగమని చెయ్యి చూపించాను.

"సరే తియ్యి, పందుల సంగతి నేను జూసుకుంట," అంటోంది ఆమె. "కూలోళ్లు ఒచ్చిన్రు. పీకనియ్యి ఇగ."

ఫోన్ పెట్టేసింది. నేను హెడ్‌ఫోన్స్ తీసి, పందుల గురించి ఎవరినడగాలా అని ఆలోచించాను.