నస్సా, నుస్సా

సనావుల్లా కుదురుగా కూర్చోగా మా గదిలో ఎవరమూ చూడలేదు. అన్నం తింటున్నా ఒక కాలు ఊగుతూనే ఉంటుంది. ఈ అరబ్బు దేశంలో, బనియాస్‌లో జనానికి అర్జీలూ ఫారాలూ కొట్టిపెట్టే టైపింగ్ సెంటర్‌లో పదకొండేళ్లుగా కూర్చునే ఉద్యోగం చేస్తున్నవాడికి ఇదేం జబ్బని మేం ఏడిపించేవాళ్లం. అసలు కారణం మొన్నమొన్నటిదాకా మాకూ తెలియదు.

చిన్నప్పుడు రాయచోటి మదరసాలో అరబ్బీ చదవడం నేర్చుకున్నాడు. చదవడమంటే చదవడమే. అక్షరం పొల్లు పోదు, మానీ, అంటే అర్థం, మాత్రం తెలియదు. ఉద్యోగానికి వచ్చిన రోజు ముదీర్ అని అందరూ పిలిచే మేనేజర్ నయీమ్ ఒక అరబ్బీ కాగితం ముందు పెట్టి చదవమన్నాడు. ఇతను గడగడా చదివేశాడు. అర్థం చెప్పమని ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు. అడగనిదానికి జవాబిచ్చేంత ఉత్తముడు కాదు మా సనావుల్లా. బజారులో బేరమాడే అరబ్బీ వచ్చు, ఫారాల అరబ్బీ రాదు. ప్రతి పనికీ ఒక పాత నమూనా దాచుకుని, పేర్లూ నంబర్లూ మార్చి ప్రింటు తీసేవాడు.

తుపాకీ పర్మిట్ ఫారాలూ అలాగే. వచ్చినవాళ్లకు కావలసినవన్నీ ఎక్కంలా అప్పజెప్పేవాడు. ఈ దేశపు గుర్తింపు కార్డు, కుటుంబ పుస్తకం, నడవడి మంచిదని పోలీసుల కాగితం, మతి స్థిమితంగా ఉందని డాక్టర్ కాగితం, ఇంట్లో తాళం వేసే ఇనప పెట్టె. అవన్నీ అరబ్బులకు. మనకు కూరగాయల కత్తి మొండిదైతే కొత్తది కొనడానికే నెల పడుతుంది.

ఒక శుక్రవారం పొద్దున అబూ సయీద్ వచ్చాడు. ఒంటెలు పెంచుకునే ముసలాయన, అందరికీ బాబా. చదువు లేదు, వేలిముద్రే. కొడుకులను చదివి పెట్టమనడం నామోషీ, అందుకే ఆరేళ్లుగా తన కాగితాలన్నీ సనావుల్లాకే ఇస్తాడు. కొత్త వేట తుపాకీకి పర్మిట్ కావాలట. ఏ రకమో రాసేచోట సనావుల్లా తలెత్తి అడిగాడు.

"నుస్ ఆలియా" అన్నాడు బాబా, కారు తాళాలు వెతుక్కుంటూ.

టైపింగ్ వాళ్లకు నస్ అంటే కాగితంలో పడాల్సిన మేటరు. రోజంతా కస్టమర్లు 'నస్ ఇది, నస్ అది' అని చెవులు తినేస్తూనే ఉంటారు. మేటరు 'ఆలియా' అన్నాడనుకుని ఇతను ఆ ఒక్క మాటే కొట్టాడు. బాబా వేలిముద్ర వేసి, సోమవారం ఎనిమిదింటికి పర్మిట్ల ఆఫీసులో ఇస్తానని కాగితం పట్టుకుని ఎడారికి వెళ్లిపోయాడు.

సాయంత్రం మాంసం కొట్లో సనావుల్లా తన నోటితోనే "నుస్ కిలో" అన్నాడు. అని, అలాగే నిలబడిపోయాడు. నుస్ అంటే సగం! పొద్దున బాబా అన్నది నస్ కాదు, నుస్. మాంసం తీసుకోకుండానే బయటికొచ్చి ఫోన్‌లో వెతికాడు. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్క గుండు పేల్చేది నుస్ ఆలియా. నొక్కి పట్టుకుంటే గుండ్లు కురిపించేది ఆలియా, అది సైన్యం వాడే ఆయుధం. ముసలాయన వేలిముద్ర వేసి మరీ దాన్ని అడుగుతున్నాడు.

బాబా ఫోన్ పలకలేదు. శని, ఆదివారాలు మావాడు కాలుగాలిన పిల్లిలా మెట్లెక్కాడు, దిగాడు. వీడియో కాల్‌లో భార్య హలీమాబీ నిలదీసింది.

"ఊరికే ఆలియా ఆలియా అంటాండావు. ఎవురయ్యా ఆయమ్మ?"

"తుపాకీ."

"తుపాకికి ఆడమనిషి పేరు పెడతారా యాడన్నా? నాకు కతలు చెప్పాకు!"

నవ్వాల్సిన చోట ఏడుపొచ్చిందని తర్వాత మాతో చెప్పాడు. ఎందుకంటే అతన్ని తినేస్తున్నది ఈ ఒక్క తప్పు కాదు. ఇది తెలిసింది, సరే. తెలియనివి ఎన్ని? పదకొండేళ్లుగా జనం చేతుల్లో పెట్టిన కాగితాల్లో ఏమేం ఉన్నాయో అతనికే తెలియదు. బయటికి చెబితే ఉద్యోగం ఖలాస్, వీసా ఖలాస్. తేలు కుట్టిన దొంగలా లోలోపలే మూలిగాడు.

సోమవారం ఏడింటికే ఆఫీసు పార్కింగ్‌లో కాపు కాశాడు. జేబులో సరిదిద్దిన ఫారం, ఇంకు ప్యాడ్. ప్రింటు సరిగ్గా పడలేదని అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాడు. బాబా దిగగానే అదే చెప్పాడు. ముసలాయన తలూపి, పాత కాగితం ఇచ్చేసి, కొత్తదాని మీద వేలు నొక్కడానికి ఇంకు అంటించుకున్నాడు. అందులో ఏముందని మాటవరసకైనా అడగలేదు. అది చూసి సనావుల్లా బాబా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"బాబా, నాకు అరబ్బీ రాదు. చదవడమే వచ్చు, మానీ తెలియదు. మీరు ఒకటి చెప్తే నేను ఒకటి కొట్టినా."

చెప్పింది హిందీలో, బాబాకు హిందీ వచ్చు కాబట్టి మొత్తం అర్థమైంది. అరుస్తాడని సనావుల్లా అనుకున్నాడు. బాబా ఇంకు అంటిన వేలిని చూసుకున్నాడు.

"ఆరేళ్లు" అన్నాడు. "అన్నీ నువ్వే కొట్టావు." ఆఫీసు లోపలికి వెళ్లకుండా కారెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం టైపింగ్ సెంటర్‌కు రేకు పెట్టెతో వచ్చాడు. నిండా కాగితాలు. సనావుల్లా బల్ల మీద పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చదువు. మానీ నాకు తెలుసు."

నయీమ్ తన గదిలోంచి లేచొచ్చాడు. "ఏమైంది బాబా? మా పిల్లగాడు టైప్ జేసినయే గదా, మల్ల చదువుడేంది?"

బాబా సనావుల్లా వైపు చూశాడు. ఆ ఒక్క మాట చెప్పడం ఇతనికే వదిలేశాడు.

"నాకు మానీ తెలియదు సార్" అన్నాడు సనావుల్లా. "చేరిన దినం నుంచీ తెలియదు."

నయీమ్ ముఖం ఎర్రబడింది కానీ కస్టమర్ ముందని కోపం దిగమింగాడు. సనావుల్లా పైనున్న కాగితం తీశాడు. విధవరాలైన కూతురికి ఇల్లు ఇప్పించమని బాబా పెట్టుకున్న అర్జీ అది. రెండుసార్లు తిరిగొచ్చింది, ఎందుకో ఎవరూ చెప్పలేదు. మొదటి పంక్తి బిస్మిల్లా. దాని అర్థం అతనికి తెలుసు. రెండో పంక్తి మొదలుపెట్టాడు.

బాబా చెయ్యెత్తి ఆపాడు.

"ఇది నేను చెప్పింది కాదు" అన్నాడు.