నీళ్ల స్కూటర్ మీద పెళ్లిచూపులు

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో పెళ్లికొడుకు అంటే బొగ్గుబావిలో నౌకరీ ఉన్నవాడు. లేనివాడు ఉత్త కుర్రాడు. నేను రెండో రకం. పైగా నేను చేసే పని పేరు చెబితే సంబంధం తెచ్చినవాళ్లు మంచినీళ్లు కూడా తాగకుండా లేచిపోయేవారు. ఆనకట్ట పుణ్యమా అని ఊరి పక్కన గోదావరి ఏడాది పొడుగునా నిండుగా ఉంటోంది కదా అని, మా అక్క మొగుడు గోవా నుంచి ఒక పాత నీళ్ల స్కూటర్ కొనుక్కొచ్చి, రేవు దగ్గర జనాన్ని ఎక్కించి తిప్పే వ్యాపారం పెట్టాడు. దానికి డ్రైవర్ని నేనే, మెకానిక్‌ని నేనే, కూలింగ్ గ్లాసులు పెట్టుకుని నిలబడితే ప్రకటన బోర్డునూ నేనే. (హీరోలాగే ఉండేవాణ్ణి. సాక్ష్యం అడగొద్దు.)

అలాంటి నాకు బెల్లంపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లను అంతకుముందే ఒక పెళ్లిలో చూశాను. అప్పటి నుంచి నాకు అన్నం సరిగా దిగడం లేదు. పిల్ల తండ్రి ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపే మనిషి. "నౌకరి లేకున్న సరే గని, పిలగాడు చేసే పని నా కండ్లతోటి సూడాలె. ఐతారం వస్త," అని కబురు పెట్టాడు. నాకు భయం పట్టుకుంది. మా బండిది టూస్ట్రోక్ ఇంజిన్. పెట్రోలుతో పాటు ఆయిల్‌నూ కాల్చుకు తాగుతుంది. అందులో మేము ఊళ్లో మోపెడ్లకు పోసే ఎర్ర ఆయిలే పోసేవాళ్లం కనుక, అది కదిలితే రేవంతా పొగే. ఆ పొగ చూసి కాక (పిల్ల తండ్రిని నేను అలాగే పిలిచేవాణ్ణి) సంబంధం వద్దంటాడేమోనని, పొగ తక్కువ వచ్చే నీలం ఆయిల్ హైదరాబాద్ నుంచి తెప్పించాను. పాత ఆయిల్‌తో కలిస్తే గడ్డకట్టి పైపుకు అడ్డం పడుతుందని దాని డబ్బా మీదే రాసి ఉంది. అందుకే శనివారం పాతది చుక్క లేకుండా తీసేసి, ట్యాంకూ పైపులూ కడిగి, కొత్తది పోశాను. తెప్పించింది సగం ట్యాంకుకే వచ్చింది. ఒక్క రోజుకు చాల్లే అనుకుని క్షవరానికి వెళ్లాను.

మా బావ గని వర్క్‌షాపులో పనిచేసి వచ్చినవాడు. అక్కడ షిఫ్టు దిగేవాడు బండి ట్యాంకు నింపి మరీ ఎక్కేవాడికి అప్పజెప్పాలి. సగం ట్యాంకుతో వదిలేసి పోయినవాణ్ణి తోటివాళ్లు మనిషిగా చూడరు. ఈ సంగతి ఆ రోజు నా బుర్రకు తట్టలేదు.

ఆదివారం పొద్దున కాక తెల్లచొక్కా మీద లైఫ్ జాకెట్ తొడుక్కుని, ఒడ్డున వదిలితే ఎవడైనా ఎత్తుకుపోతాడని తోలు చెప్పులు నడుముకు దోపుకుని, నా వెనక కూర్చున్నాడు. పొగ లేదు. ఆ గర్వంలో నేను అటూ ఇటూ వంకర్లు కూడా తిప్పాను. "జర నిమ్మలంగ పోరాదు పిలగా, బిడ్డ పెండ్లి సూసి సావాలె నేను," అన్నాడు. సరిగ్గా నది మధ్యకు వచ్చాక ఇంజిన్ కీచుమని అరిచి, బిగుసుకుపోయి ఆగింది.

"ఏందయ్యా, దీని షిఫ్టు అయిపోయిందా?"

ఆయిల్ ట్యాంకు మూత తీశాను. కాక నా భుజం మీంచి వంగి వేలు ముంచి చూశాడు. "ఇది ఆయిలా, జున్నా?"

బావ చేసిన పని అప్పుడర్థమైంది. పేరు నోటి దాకా వచ్చింది కూడా. కానీ పిల్లనిచ్చేవాళ్ల ముందు సొంత బావను తక్కువ చేయడానికి మనసొప్పలేదు. "నేనే కలిపిన కాకా, ఎరుక లేక," అన్నాను. సంబంధం గంగలో కలిసిపోయిందనుకున్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

కాక నడుములోంచి చెప్పులు తీసి ఒకటి నా చేతికిచ్చాడు. "ఎడమకు నువ్వు, కుడికి నేను. జల్ది జల్ది గాదు, ఇద్దరం ఒక్కతీరుగ ఏయాలె," అని తెడ్డు వేయడం మొదలుపెట్టాడు. ఒడ్డు చేరేసరికి మధ్యాహ్నమైంది. మోకాళ్ల లోతు నీళ్లలోకి పరిగెత్తుకొచ్చిన బావ, "ఎట్ల ఆగిందిరా బామ్మర్దీ? నువ్వు సగమే పోసి పోయినవని నేను ఎర్ర ఆయిల్‌తోని ఫుల్ చేసి పెట్టిన గదరా!" అని అరిచాడు.

కాక నా వైపు చూశాడు. నేను నీళ్ల వైపు చూశాను.

"కాకా, అది..."

"కాక ఏందిరా? మామ అను," అన్నాడాయన, తడిసిన చెప్పులో కాలు దూరుస్తూ.

ఆ ఇంజిన్ మళ్లీ బతకలేదు. నేనిప్పుడు బోరు మోటార్లు బాగుచేసుకుంటున్నాను. "మా నాయన ముంగట ఒక్క అబద్ధమాడి నన్ను గెలుసుకున్నవ్. ఇప్పుడు రోజుకొకటి ఆడినా నేను నమ్ముతలేను," అంటుంది మా ఆవిడ. నిజమే. పొట్ట పెరిగి నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్న నాకు, చేతిలో మామ చెప్పుతో, కళ్లనిండా నీళ్లతో, పిల్ల దక్కదేమోనని వణుకుతూ తెడ్డు వేస్తున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, ముద్దొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. దేన్నైనా అంత గట్టిగా కోరుకుని ఎన్నేళ్లయిందో.