పోపు పెట్టకూడని చారు

స్టుట్‌గార్ట్‌లో మేం అద్దెకున్న బిల్డింగ్ కింది అంతస్తులో ఒక వియత్నాం హోటల్ ఉండేది. దాన్ని నడిపే ఆవిడ మా పై అంతస్తులో కాపురం. అంటే మా ఇల్లు ఆవిడ వంటకీ నిద్రకీ మధ్యలో ఉండేదన్నమాట. ఆవిడ పేరు మాకు సరిగ్గా పలకడం రాక, మాలో మేము ఫో ఆంటీ అనుకునేవాళ్ళం.

ఫో అంటే వియత్నాం వాళ్ళ చారు. ఎముకలు, కాల్చిన ఉల్లిపాయ, అల్లం, అనాసపువ్వు, దాల్చినచెక్క వేసి గంటల తరబడి మరిగించి, వడగట్టి, ఆ నీళ్ళని బియ్యపు సేమ్యాల మీద పోస్తారు. అసలు పద్ధతి గొడ్డు మాంసంతో. మాలాంటి వాళ్ళ కోసం కోడితో చేసే రకం కూడా ఉంది. పక్కన పళ్ళెంలో పుదీనా, కొత్తిమీర, ఒక జాతి తులసి పచ్చిగా పెడతారు, ఎవరికి కావలసినంత వాళ్ళు తుంచి వేసుకోవాలి. మనం చుట్టూ ప్రదక్షిణ చేసే మొక్కని వాళ్ళు నేరుగా గిన్నెలో వేసుకుంటారు. కాళ్ళకి శ్రమ తక్కువ.

ఇవి కాక బన్ మీ అని ఒకటుంది. గట్టి రొట్టెని నిలువునా చీల్చి, అందులో మాంసం, క్యారెట్, ముల్లంగి ఊరగాయ, పచ్చిమిర్చి కుక్కుతారు. రొట్టెలో పచ్చిమిర్చి పెట్టాలన్న ఆలోచన వచ్చిన జాతిని నేను అప్పటి నుంచి గౌరవిస్తున్నాను. కాఫీలో పాలకు బదులు పాలకోవాకి చుట్టమైన తీపి పాలు అడుగున పోసి, పైన ఐస్ వేస్తారు. అన్నింటికీ మూలం మాత్రం చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసిన రసం. దాని వాసన గురించి మర్యాదగా చెప్పాలంటే, అది తన ఉనికిని దాచుకోదు.

లాక్‌డౌన్ మొదలయ్యాక హోటల్లో కూర్చోనివ్వడం ఆపేశారు, పార్సిల్ మాత్రమే. సరిగ్గా అప్పుడే మా ఆవిడకి మూడో నెల. వేవిళ్ళు సినిమాల్లో చూపించినట్టు ఒక వాంతి, ఒక సిగ్గు, ఒక పాట అనుకున్నాను. మా ఇంట్లో పాట రాలేదు. అన్నం వాసన పడదు, కాఫీ పడదు, నేను పడను. పోపు మాట ఎత్తితేనే బాత్రూమ్‌లోకి పరిగెత్తేది. ఇంట్లో పోపు పూర్తిగా నిషేధించాం. కడుపులో నిలిచింది ఒక్కటే, కింది హోటల్ కోడి ఫో.

అంతలో ఫో ఆంటీకి కరోనా వచ్చింది. పెద్దగా ఏమీ కాలేదు గానీ క్వారంటైన్ పెట్టి హోటల్ మూసేశారు. మర్నాటి నుంచి మా ఆవిడ కడుపులో మంచినీళ్ళు కూడా నిలవలేదు. శుక్రవారం డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. "సోమవారం దాకా చూద్దాం. అప్పటికీ ఏమీ నిలవకపోతే ఆసుపత్రిలో చేర్చాలి. భర్తలకి లోపలికి ప్రవేశం లేదు."

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ దుప్పటి తల మీదికి లాక్కుంది. లోపల్నుంచే అంది, "నాకు వాంతి వస్తోందని జర్మన్‌లో చెప్పడం కూడా రాదు."

"చెప్పుడెందుకు, చూపిస్తే అయితది గదా," అన్నాను. ఆ సమయానికి తగిన మాట కాదని అన్నాకే తెలిసింది.

శనివారం నేనే ఫో చేస్తానని ప్రకటించాను. బాల్కనీలోకి వెళ్ళి పైకి చూసి ఆంటీని పిలిచాను. ఆవిడ మాస్కు వేసుకుని రైలింగ్ మీదుగా వంగి చూసింది. నా చేతిలో ఫోన్, ఫోన్లో గుంటూరు నుంచి మా అత్తగారు. ఆంటీ జర్మన్‌లో చెబితే నేను తెలుగులో అత్తగారికి చెప్పాలని ఏర్పాటు. ఈ ఏర్పాటు కోరింది నేను కాదు, అత్తగారే.

"అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, ధనియాలు," అన్నాను.

"అది బిర్యానీ కదండీ అల్లుడుగారూ!"

"అన్నం లేని బిర్యానీ అత్తమ్మా."

"అన్నం తీసేస్తే ఇంకేం మిగిలిందండీ? సరే, పోపెప్పుడు పెట్టమంటోంది ఆవిడ?"

అడిగాను. ఆంటీకి పోపంటే ఏమిటో వివరించడానికి కొంత సమయం పట్టింది. వేడి నూనెలో గింజలు పేల్చి అని చెప్పేసరికి ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది. "వద్దు. ఏమీ పేల్చొద్దు."

"పోపు లేకుండా చారేంటండీ? జ్వరమొచ్చినవాళ్ళకి కూడా పెట్టం!" అన్నారు అత్తగారు.

ఆంటీ ఒక సంచీకి తాడు కట్టి కిందికి దించింది. సేమ్యాల ప్యాకెట్, మసాలాలు, ఆకులు, అప్పడాల లాంటి పలచటి బియ్యపు రేకులు. "వండింది ఇవ్వను, నీ భార్య కడుపుతో ఉంది," అంది. చేపల రసం పంపలేదు. ఇంట్లో సీసా విప్పితే ఆ వాసన పడదు కాబట్టి ఉప్పు వేసుకోమంది.

మా ఆవిడ పడకగదిలో తలుపు మూసుకుని పడుకుంది. నేను కిటికీలన్నీ తెరిచి కోడిని మరిగించాను. సాయంత్రానికి చారు బంగారు రంగులో తేటగా వచ్చింది. రుచి చూశాను. ఉప్పు సరిపోయింది, మసాలా తెలుస్తోంది, కానీ చివర ఏదో ఖాళీ. అత్తగారికి చెప్పాను.

"నేను చెప్పలా? రెండు ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఇంగువ. దానికి తెలీకుండా బయట పెట్టుకు రండి."

నాకూ అది సబబుగానే తోచింది. రద్దయిన సెలవుల కోసం కొన్న చిన్న క్యాంపింగ్ స్టవ్ ఉంది. చారు గిన్నె పక్కన పెట్టుకుని, బాల్కనీలో వెలిగించి, పడకగది వైపు గాలి లేదని నిర్ధారించుకుని, నూనె వేడి చేశాను. మిరపకాయ విషయంలో కొంచెం ఉదారంగా వెళ్ళాను.

ఘాటు పడకగది వైపు వెళ్ళని మాట నిజమే. పైకి వెళ్ళింది. ముందు ఆంటీ దగ్గింది. తర్వాత ఆ పక్కింటి ముసలాయన. తర్వాత ఎదుటి బిల్డింగ్‌లో ఎవరో. మామూలు రోజుల్లో జర్మన్లు తుమ్మితే పక్కవాళ్ళు ఆరోగ్యం అని దీవిస్తారు. ఆ ఏడాది దీవెనలు మానేసి కిటికీలు మూసుకుంటున్నారు. దగ్గు బాల్కనీ నుంచి బాల్కనీకి పాకుతుంటే కిటికీలు ఒకదాని వెంట ఒకటి ధడేల్మని మూతపడ్డాయి. ఆ కంగారులో నేను పోపుని చారులో కుమ్మరించేశాను, దాచడానికి దగ్గరగా కనిపించిన చోటు అదే.

నా వెనక బాల్కనీ తలుపు తెరుచుకుంది.

"ఏంటిది?" అంది మా ఆవిడ, ముక్కు మూసుకుని.

"ఏం లేదు. జరంత..."

"కోడి నీళ్ళలో ఇంగువా?"

తిడుతుందనుకున్నాను. గడప మీద కూలబడి ఏడ్చింది. "ఎల్లుండి నన్నొక్కదాన్నే లోపలికి పంపేస్తారు. నువ్వుండవు, అమ్మ ఉండదు. ఒక్క చారు, అదీ పోపు లేకుండా, అంతేగా అడిగింది." ఫోన్లో అత్తగారు చాలా అరుదుగా చేసే పని చేశారు. తప్పు తనదేనన్నారు.

పై నుంచి ఆంటీ, కళ్ళు తుడుచుకుంటూ, ఏమైందని అడిగింది. చెప్పాను. "ఆ గిన్నె దూరంగా పెట్టు," అంది. "వేడిది మానెయ్. చల్లగా ఉంటే వాసన రాదు. ఆ రేకుల్ని నీళ్ళలో ముంచు."

అప్పడాన్ని నీళ్ళలో ముంచమనే వంటని నేనెప్పుడూ వినలేదు. అయినా ముంచాను. మెత్తబడింది. మధ్యలో చల్లారిన సేమ్యా, కీర ముక్కలు, పుదీనా పెట్టి చుట్టమంది. నేను చుట్టింది ప్రమాదంలో దెబ్బలు తగిలిన మనిషిలా కట్లతో వచ్చింది. రెండోదానికి పేగులు కూడా బయటపడ్డాయి.

"ఇలా ఇవ్వు బాబూ, చూడలేకపోతున్నా," అని మా ఆవిడ లాక్కుంది. తడి రేకు పరిచి, పక్కలు మడిచి, చాప చుట్టినట్టు నున్నగా చుట్టేసింది. నిమ్మకాయ రసంలో ఉప్పు కలిపి, అందులో అద్దుకుని, ఒక కొస కొరికింది.

నేను ఫోన్ ఆమెకి దగ్గరగా పట్టుకున్నాను.

"ఉందా?" అన్నారు గుంటూరు నుంచి అత్తగారు.

"ఉందా?" అంది పైనుంచి ఆంటీ, జర్మన్‌లో. అనువదించే పని పడలేదు.

మా ఆవిడ ఒక చెయ్యి ఎత్తి ఆగమన్నట్టు పెట్టింది. కాసేపటికి ఆ చేత్తోనే ఇంకో రేకు తీసుకుంది.

ఆదివారమంతా అవే తింది. పోపు పెట్టిన ఫో గిన్నెడూ నేనొక్కణ్ణే తాగాను. నిజం చెప్పాలంటే బాగుంది. ఈ మాట మా ఇంట్లో ఇప్పటిదాకా అనలేదు.

సోమవారం పొద్దున డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఏమైనా నిలిచిందా అని అడిగింది. మా ఆవిడ నోట్లోది మింగి, నిలుస్తోంది అని జర్మన్‌లో తనే చెప్పింది. అవతల కీబోర్డు చప్పుడు. తర్వాత డాక్టరమ్మ, "అయితే మీరు ఇంట్లోనే ఉండండి," అంది.

ఆ మాట ఆ రోజుల్లో ప్రభుత్వం, టీవీ, ఆఫీసు, లిఫ్టులో అంటించిన కాగితం అందరూ అంటున్నదే. విని ఎగిరి గంతేసింది జర్మనీ మొత్తం మీద మేమిద్దరమే అయ్యుంటాం.