విండోస్ 98లో చిక్కుకున్న నాట్ల పాటలు

రేపల్లెలో మా తెలుగు టీచరు గారు ఆ సీడీని నా చేతిలో పెట్టినప్పుడు, తెరవడం పది నిమిషాల పని అనుకున్నాను. తెనాలిలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని, ఆ మాత్రం రాదా అని నా ధీమా.

టీచరు గారు మిషన్ బడిలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసే రోజుల్లో సెలవు దొరికితే చాలు, నోటుపుస్తకం పట్టుకుని పొలం గట్ల మీద కూర్చునేవారు. నాట్లు వేసే ఆడవాళ్లు పాడుతుంటే రాసుకునేవారు. అలా పోగైన నూట నలభై పాటలను బాపట్లలో ఒక ప్రెస్సులో టైపు చేయించారు. తీరా పుస్తకం అచ్చుకు వెళ్లే వేళకు వాళ్లాయన మంచాన పడ్డారు. ప్రెస్సాయన ఫైళ్లన్నీ సీడీలో వేసిచ్చి, వీలైనప్పుడు తీసుకురమ్మన్నారట. ఆ వీలు చిక్కేసరికి పాతికేళ్లు గడిచాయి. ఈలోపు ఒక తుపానులో నోటుపుస్తకాలు తడిసి ముద్దయిపోయాయి. మిగిలింది సీడీ ఒక్కటే.

మా లాబ్‌లో మూలనున్న పాత కంప్యూటర్‌లో పెడితే ఫైళ్లు కనిపించాయి. ఒకటి తెరిచాను. తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ఆశ్చర్యార్థకాలు కలగాపులగంగా ఉన్నాయి. అవి టైపు చేసిన తెలుగు సాఫ్ట్‌వేర్ విండోస్ 98 మీద మాత్రమే నడిచేది. ఆ విండోస్ ఆగిపోయింది, ఆ సాఫ్ట్‌వేర్ తయారు చేసినవాళ్లూ ఆపేశారు.

నాకు పట్టుదల వచ్చింది. పాత సాఫ్ట్‌వేర్లు దాచిపెట్టే వెబ్‌సైట్లు వెతికాను. వారం రోజులకు ఒక చోట అది దొరికింది! కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. నా లాప్‌టాప్‌లోనే ఉత్తుత్తి విండోస్ 98 ఒకటి సృష్టించుకుని ఎక్కించాను. తెరుచుకున్నట్టే తెరుచుకుని, 'లాక్ కనబడలేదు' అని మూసుకుపోయింది. అప్పట్లో దొంగ కాపీలు నడవకుండా అగ్గిపెట్టెంత తాళం ఇచ్చేవారు. కంప్యూటర్ వెనక ప్రింటర్ వైరు పెట్టే చోట దాన్ని బిగిస్తేనే సాఫ్ట్‌వేర్ పనిచేసేది.

టీచరు గారికి ఫోన్ చేశాను. "ఇంకేం, ఆ తాళమేదో బాపట్లలోనే ఉంటుంది. రేపు ఆదివారం, ఆరాధన అయ్యాక బండెక్కి వస్తా, స్టేషన్లో ఉండు" అన్నారు. బళ్లో హాజరు పిలిచిన గొంతే అది.

తెనాలి స్టేషన్లో ఇద్దరం కలిసి బాపట్ల బండెక్కాం. ప్రెస్సు ఉన్న చోట ఇప్పుడు సెల్ ఫోన్ల దుకాణం ఉంది. పక్క టిఫిన్ సెంటరాయన ఇల్లు చూపించాడు. తలుపు తీసిన పెద్దాయన టీచరు గారిని చూడగానే, "నాట్ల పాటల టీచరమ్మ గారు కదండీ!" అన్నారు.

సంగతి చెప్పి, "ఆ లాక్ ఇంకా ఉందా బాబాయి గారూ?" అని అడిగాను.

"ప్రెస్సు మూసేసినప్పుడు సామానంతా ఇచ్చేశానమ్మా. లాక్ సంగతి గుర్తు లేదు. ఒక్క కంప్యూటర్ మాత్రం ఉంది. దాన్ని మీ పిన్ని గారు ఇవ్వనివ్వలేదు."

వంటింట్లోంచి ఆవిడ వచ్చారు. "ఎలా ఇస్తానమ్మా? మధ్యాహ్నం పేకముక్కలు ఆడుకునేది దాంట్లోనేగా! ఫోన్లో ఆట మధ్యలో ప్రకటనలొస్తాయి. ఇది నోరెత్తదు."

పక్క గదిలో, కుట్టుపని గుడ్డ కప్పుకుని ఉంది ఆ కంప్యూటర్. ఆవిడ బటన్ నొక్కారు. గుర్రుమని, కిర్రుమని, విండోస్ 98 నిక్షేపంగా లేచి కూర్చుంది. నేను నేలమీద పడుకుని వెనక్కి తొంగి చూశాను. బూజు తుడిస్తే, ప్రింటర్ వైరు చోట బూడిద రంగు తాళం!

"ఉందండీ! ఇక్కడే ఉంది!" అని అరిచాను. టీచరు గారు గబుక్కున నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. డెబ్భై దాటిన మనిషి.

మధ్యలో ఒకసారి హార్డ్ డిస్క్ మార్చారట, అందుకని తెలుగు సాఫ్ట్‌వేర్ మాత్రం అందులో లేదు. ఫర్వాలేదు, నా పెన్‌డ్రైవ్‌లో ఉంది. గుచ్చాను. ఇదేంటో నాకు తెలియదంది విండోస్. ఆ కాలానికి పెన్‌డ్రైవ్‌లు లేవు మరి. దాన్ని గుర్తుపట్టాలంటే ఇంకో చిన్న సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. మళ్లీ వేట. పాత విండోస్‌ను వదల్లేని అభిమానులు కొందరు ఒక వెబ్‌సైట్‌లో అలాంటివి భద్రంగా దాస్తున్నారు. లాప్‌టాప్‌లోకి దించుకున్నాను. కానీ ఆ కంప్యూటర్‌లోకి ఎలా పంపడం? అది చదివేది సీడీలు మాత్రమే. నా లాప్‌టాప్‌కు సీడీ పెట్టే చోటే లేదు.

"ఫోటో స్టూడియో!" అన్నారు పిన్ని గారు. "మా మనవరాలి ఓణీల ఫంక్షన్ ఫోటోలు సీడీలోనే ఇచ్చారు."

బాబాయి గారు స్కూటర్ తీశారు. స్టూడియో ఆయన రెండు సాఫ్ట్‌వేర్లనూ ఒక సీడీలో వేసి, "విండోస్ 98 ఇంకా ఉందాండీ?" అని మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

ముందు తెలుగు సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. ఈసారి లాక్ అడగలేదు. టీచరు గారి సీడీ పెట్టి మొదటి ఫైలు మీద నొక్కాను. తెర మీద తెలుగు! గుండ్రటి, నిండైన అక్షరాలు.

టీచరు గారు కళ్లజోడు సర్దుకుని చదివారు:

"వంగి నాటితె వరుస నాది, లేచి చూస్తే చేను నీది..."

చదువుతూ చదువుతూనే పాటలోకి వెళ్లిపోయారు. మూడో చరణం దగ్గర ఆగి, "ఇక్కడ ఒత్తు తప్పు పడిందండీ" అన్నారు బాబాయి గారితో.

"ఇప్పుడే దిద్దేస్తానండి," అంటూ ఆయన కుర్చీ లాక్కుని కీబోర్డు ముందు కూర్చున్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆయన వేళ్లు తడుముకోలేదు.

తర్వాత పెన్‌డ్రైవ్‌ను గుర్తుపట్టే ఆ రెండో సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కించాను. సాయంత్రానికి, తప్పులు దిద్దిన నూట నలభై పాటలూ నా పెన్‌డ్రైవ్‌లోకి చేరాయి. దాన్ని కొంగున ముడేసుకోమని టీచరు గారు పట్టుబట్టారు. నేను చుడీదార్‌లో ఉన్నానని గుర్తు చేస్తే, తీసుకుని తన కొంగుకే కట్టుకున్నారు.

అక్షరాలను ఇప్పటి ఫోన్లలో కనిపించే తెలుగులోకి మార్చడానికి నాకు ఇంకో పది రోజులు పట్టింది. వాటిని కాగితాల మీద అచ్చు తీసుకుని ఇద్దరం చుండూరు వెళ్లాం. ఆ మొదటి పాట చెప్పినావిడ అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. టీచరు గారు చదివి వినిపించారు. ఆవిడ కళ్లు మూసుకుని అంతా విని, "బాగానే ఉంది గానీ టీచరమ్మా, చివర్న కామందును తిట్టే చరణం ఏదీ? ఆ రోజు ఆయన గట్టు మీదే ఉన్నాడని మింగేశాను" అంది.

"ఇప్పుడు లేడుగా, పాడు" అన్నారు టీచరు గారు.

ఆవిడ పాడింది. నేను ఫోన్లో రికార్డు చేస్తూ నవ్వాపుకోలేకపోయాను.